వెనక వరస

టిక్... టిక్... టిక్.

కాగిన ఇనుము చల్లారుతున్న చప్పుడు.

బానెట్ ఎత్తి ఉంది. లోపలి నుంచి పాత నూనె వాసన, కమిలిన రబ్బరు వాసన. పైన తడిసిన మేపుల్ ఆకుల వాసన. ఇంటి ముందు సిమెంటు బాట మీద మా పాత వ్యాను నోరు తెరుచుకుని నిలబడి ఉంది. దాని ముందు నా భర్త హార్లన్. చేతులు జేబుల్లో పెట్టుకుని.

ఎదురుచూస్తున్నాడు.

వేడి మీద స్పార్క్ ప్లగ్గు విప్పకూడదు. విప్పితే ఇంజను లోపలి మరలు కూడా ఊడొస్తాయి. ఆ సంగతి అతనికి గుర్తుంది.

గుర్తుంది — అని లోపల్లోపల అనుకున్నాను. ఈమధ్య నాకిదే పని. గుర్తున్నవీ గుర్తులేనివీ వేరుచెయ్యడం. నానబోసే ముందు చిక్కుడుగింజల్లో రాళ్లేరినట్టు.

పొయ్యి ఆర్పడం గుర్తులేదు. చెల్లెలు పోయిన సంగతి గుర్తులేదు. మొన్న ఆమెకు ఫోన్ చెయ్యబోయాడు. పెళ్లయినప్పటి నుంచీ వెళ్తున్న బేకరీ దగ్గర నిలబడి, ఇంటికి ఎటు వెళ్లాలో ఎవరినో అడిగాడు.

వేడి మీద విప్పకూడదని మాత్రం గుర్తుంది.

రేపు టొలీడోలో డాక్టరు దగ్గరికి వెళ్లాలి. జ్ఞాపకశక్తికి ఏవో పరీక్షలు చేస్తారట. వెళ్లనన్నాడు. నిన్న సూపు తాగుతూ తాగుతూ చెంచా బల్ల మీద పెట్టేశాడు.

"వ్యాను ఎత్తెక్కేటప్పుడు దగ్గుతోంది కదా? ప్లగ్గులు, వైర్లు నేనే మారుస్తా. వెనక వరసతో సహా. కంటికి కనపడనివాటిని తడిమి బిగించేవాడికి మతి పోయిందని ఎవడంటాడో చూస్తా. బండి సరిగ్గా నడిచిందా, ఆ డాక్టరుకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పెయ్యి."

"నడవకపోతే?"

"నోరెత్తకుండా నీతో వస్తా."

సరేనన్నాను. ఎందుకన్నానో!

బండి నడవాలని ఉంది. నడవకూడదనీ ఉంది.

టిక్...

ఇక వినపడలేదు.

ముందు వరస ప్లగ్గులు మూడూ ఎదురుగానే ఉంటాయి. వెనక వరస మూడూ ఇంజనుకీ దాని వెనక రేకు గోడకీ మధ్య ఇరుకులో ఉంటాయి. అక్కడికి చెయ్యి దూరుతుంది. చూపు దూరదు.

దానికొక పద్ధతుంది. ఒక వైరు తియ్యాలి. దాని ప్లగ్గు మార్చాలి. కొత్త వైరు అదే చోట తొడగాలి. అప్పుడే రెండోదాని జోలికి పోవాలి. లేకపోతే ఏ వైరు ఎక్కడిదో తెలియకుండా పోతుంది. ఒక్కొక్కటి... ఒక్కొక్కటే. మా వీధిలో సగం మందికి ఈ మాట నేర్పింది హార్లనే.

హార్లన్ వంగాడు. ఒక వైరు పీకాడు.

ఇంకోటి పీకాడు.

ఇంకోటి.

రెండు వరసలవీ, అటు కొసా ఇటు కొసా, మొత్తం ఆరూ పీకి గడ్డిలో పడేశాడు. ఒకదాని మీద ఒకటి. చలికి ముడుచుకున్న పాముల్లా.

"హార్లన్... ఒక్కొక్కటే కదా నువ్వు తీసేది?"

"గేర్ల ఫ్యాక్టరీలో పనిచేసింది నువ్వా, నేనా?"

వీధికి అవతల ఎదురింటి మైలో ఆకులు ఊడ్చడం ఆపాడు. గడ్డపార మింగినవాడిలా నిటారుగా నిలబడి కేకేశాడు.

"ఏరా హార్లన్! ఆ డొక్కుకి ఆపరేషనా, పోస్టుమార్టమా?"

"నీ ట్రక్కు కన్నా ముందే లేచి కూర్చుంటుందిలే! నోరు మూసుకుని నీ ఆకులు నువ్వు ఊడ్చుకో!"

మైలో పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మాటకు మాట తడుముకోకుండా వచ్చింది. ఎప్పుడూ వస్తుంది. అందుకే ఎవరికీ తెలియదు... నాకు తప్ప.

హార్లన్ వెనక వరసలోకి చెయ్యి పెట్టాడు.

మోచేయి దాకా. భుజం దాకా. చెంప ఇంజనుకు ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

ఆ చెయ్యి ఏమీ మరిచిపోలేదు.

పాత ప్లగ్గు వదులయ్యేటప్పుడు ఒక్క కీచు. తర్వాత మెత్తగా తిరగడం. కొత్త ప్లగ్గు తలకి రబ్బరు గొట్టం తొడిగి లోపలికి దించాడు. గొట్టాన్ని రెండు వేళ్లతో తిప్పాడు. మర వంకరగా పడితే గొట్టం జారుతుంది, వేలికి తెలుస్తుంది. జారింది. వెనక్కి తిప్పాడు. మళ్లీ దించాడు. పట్టింది. నిద్రపోతున్న పిల్లకి బొత్తాం పెడుతున్నట్టు... అంత నెమ్మదిగా.

ఆ కాసేపు డాక్టరు లేడు. టొలీడో లేదు. నా మొగుడు, అతని చెయ్యి, ఆ చీకటి. అంతే.

ఆరు ప్లగ్గులూ అయ్యాక వైర్లు మిగిలాయి.

ప్లగ్గు ఎక్కడుందో చేతికి తెలుస్తుంది. ఏ వైరు ఎక్కడికి పోవాలో చేతికి తెలియదు.

కొత్త వైర్లు తీశాడు. తొడిగాడు. ఆగాడు. తీశాడు. మళ్లీ తొడిగాడు. లోపలికెళ్లి తాళం తిప్పాడు.

వ్యాను ఒళ్లంతా వణికింది. దగ్గింది. ఢామ్మని పేలింది. చెట్టు మీద పిట్టలన్నీ లేచిపోయాయి.

"టపాకాయలు జూలై నాలుగు పండక్కి కదరా కాల్చేది!" మైలో అరిచాడు.

హార్లన్ బదులివ్వలేదు.

అతను బదులివ్వకపోవడం మా వీధి ఎరగదు.

దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. గడ్డిలో పాత వైర్ల కేసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, మైలోకి వినపడకుండా, నాకు మాత్రమే వినపడేట్టు —

"నోరీన్... వీటన్నిటినీ ఒకేసారి ఎవరు పీకేశారు?"

గాలి వీచింది. వైర్ల మీద ఆకులు పడ్డాయి.

నేనేమీ చెయ్యనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. పందెం నాదే. రేపు నోరెత్తకుండా వస్తాడు. మాటిస్తే తప్పడు. ఊరుకోవడమే మంచిది. అతనికే మంచిది...

మైలో చీపురు కంచెకి ఆనించాడు. వీధి దాటి వస్తున్నాడు.

హార్లన్ చేతులు జేబుల్లోకి వెళ్లిపోయాయి. ఆ చేతులు. ఇప్పుడే చీకట్లో మూడు ప్లగ్గులు తడిమి బిగించిన చేతులు.

నా స్వెటర్ చెయ్యి అరచేతి మీదకి లాక్కున్నాను. వైర్లన్నీ బయల్దేరే కాయిల్ మీద ఏళ్లనాటి జిడ్డుంది. తుడిచాను. గట్టిగా తుడిచాను. కింద అచ్చుపోసిన అంకెలు తేలాయి... ఏ వైరు ఏ ప్లగ్గుకో చెప్పేవి. బానెట్ అంచున పెట్టిన టార్చి తీసి అటు తిప్పి పట్టుకున్నాను.



హార్లన్ అంకెల కేసి చూశాడు. నా కేసి చూశాడు. పెదవులు కదిలాయి.

"వెనక బేసి... ముందు సరి."

చేతులు జేబుల్లోంచి బయటికి వచ్చాయి.

వెనక బేసి. ముందు సరి. వెనక బేసి. ముందు సరి. ఒక్కొక్కటి... ఒక్కొక్కటే.

ఈసారి తాళం తిప్పితే బండి దగ్గలేదు. వణకలేదు. నిండు కడుపుతో పడుకున్న పిల్లిలా సన్నగా గురగురమంది.

మైలో బానెట్ మీద చరిచాడు. "ముసలాడిలో ఇంకా సరుకుందమ్మోయ్, నోరీన్!"

"అది లేకపోతే నీకు పొద్దెలా పోతుందిరా?" అన్నాడు హార్లన్. ఇద్దరూ నవ్వుకున్నారు. మైలో ఆకుల దగ్గరికి వెళ్లిపోయాడు.

హార్లన్ వీధి చివర ఎత్తు దాకా బండి ఎక్కించి తిప్పుకొచ్చాడు. నేను పక్కన కూర్చున్నాను. ఎక్కడా దగ్గలేదు. ఇంటి మలుపు అతనే తిప్పాడు... నేను చెప్పకముందే. వాకిట్లో ఆపి తాళం తీశాడు. దిగలేదు.

డాక్టరు ఆఫీసు ఇంకా మూసి ఉండదు. ఫోన్ నా ఒళ్లోనే ఉంది.

హార్లన్ నా స్వెటర్ చేతి కేసి చూస్తున్నాడు. మణికట్టు దాకా నల్లగా ఉంది.

"చెప్పు, నోరీన్," అన్నాడు. కోపం లేదు. వెటకారం లేదు. అడిగాడు, అంతే. "గెలిచానా?"

ముందు బానెట్ కింద ఎక్కడో...

టిక్.

నోరు తెరిచాను.

టిక్... టిక్...

అతను నా మొహం మీంచి చూపు తిప్పలేదు.