చుక్క మాయమయ్యే అట్ట

సైన్సు చెప్పే నాకు సైలెన్సు మాత్రం చేతకాదు. నేను నోరు తెరిస్తే పక్క క్లాసు పిల్లలు కూడా పాసైపోతారని హెడ్‌మాస్టారి ఫిర్యాదు.

ఏటా చూపు పాఠం రోజున పిల్లలకి తలొక అట్టముక్క ఇస్తాను. దాని మీద కుడివైపు కూడిక గుర్తు, ఎడమవైపు నల్లచుక్క. కుడికన్ను మూసి, ఎడమకంటితో కూడికనే చూస్తూ అట్టను మెల్లగా దగ్గరికి తెస్తే ఒకచోట చుక్క కనిపించకుండా పోతుంది. అలాంటి చూపులేని చోటు ప్రతి కంట్లోనూ ఉంటుంది. “మీరు నాకు రోజూ చుక్కలు చూపిస్తారు కదా, ఇవాళ నేను మీ చుక్క ఎత్తుకుపోతా” అంటాను. నలభై గొంతులు ఒక్కసారే “మాయం” అని అరుస్తాయి. నిరుడు వాటిలో మా అమ్మాయి గొంతూ ఉంది.

ఈ ఏడు కొత్త అట్టలు చేసి, ఆదివారం పొద్దున వంటింటి బల్ల దగ్గర ముందుగా దాని చేతికే ఇచ్చాను.

“మాయం” అంది, అట్ట ఇంకా మూరెడు దూరంలో ఉండగానే.

“వేళ్ల సందులోంచి చూస్తున్నావే, దొంగపిల్లా.”

“నిరుడూ అలాగే చూశాగా. అందరూ అరిచినప్పుడు అరిచా.”

నవ్వుతూ దాని కుడికన్ను నా అరచేత్తో గట్టిగా కప్పాను. “ఇప్పుడు చెప్పు. కూడిక కనిపిస్తోందా?”

అది అట్టను అటూ ఇటూ తిప్పింది.

“నాన్నా, అమ్మ ఏదైనా మాడ్చిందా? ఇల్లంతా పొగ.”

పొయ్యి ఇంకా వెలిగించనే లేదు. నా అరచెయ్యి కింద దాని రెప్ప కొట్టుకుంటోంది. రెండో చెయ్యి చాపి నాలుగు వేళ్లు చూపించాను.

“ఎన్ని?”

“ఏంటి ఎన్ని?”

కళ్ల ఆసుపత్రి బల్ల మీద కూర్చుని మా ఆవిడ ఒక్కటే మాట అంది. “రోజూ మన కళ్ల ముందు తిరిగే పిల్ల. మనకెందుకు కనిపించలేదండీ?” నేను జేబులో ఉన్న అట్టను రెండుగా మడిచాను.

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. “ఎడమకంటికి పవర్ చాలా ఉంది. ఆ మసకతో వేగలేక మెదడు దాన్ని పక్కన పెట్టేసింది. అద్దాలు పెట్టి, మంచి కన్ను రోజూ కొన్ని గంటలు మూసి, దీంతో పని చేయించాలి. కానీ పిల్లకి ఎనిమిదేళ్లు దాటాయి మాస్టారూ, ఇంకా చిన్నప్పుడే తెచ్చుంటే తేలికయ్యేది. ఎంత చూపు వస్తుందో ఇప్పుడే చెప్పలేను.”

వారం తిరక్కుండా అద్దాలొచ్చాయి. మంచి కంటి మీద పట్టీ అంటించాం. పిల్ల గోడ పట్టుకుని నిలబడింది. గదికి ఈ చివర నుంచి నేను చూస్తున్నాను. ఒక్క అడుగు వేసి, నన్ను దాటి కిటికీ వైపు చూసింది.

“నాన్నా, ఎక్కడున్నావ్? మాట్లాడవేం?”

దాని చెయ్యి గాలిలో తడుముతోంది.

“ఏదో ఒక పిచ్చి జోకు వెయ్యి నాన్నా. దాన్ని పట్టుకుని వచ్చేస్తా.”

రెండు చేతులూ బార్లా చాపాను. “ఇదిగో తల్లీ, ఇక్కడ బొజ్జ ఉన్న కూడిక గుర్తు నిలబడింది. దాన్నే చూస్తూ దగ్గరికి రా.” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అది ఇటు తిరిగింది. ఇంకో అడుగు వేసింది. దగ్గరికొచ్చే కొద్దీ మాయమయ్యే చుక్క నేనేనేమోనని భయపడుతూ, చేతులు దించకుండా అలాగే నిలబడ్డాను.