తొమ్మిదిన్నర గంటల్లో టోక్యో

సాయంత్రం ఏడున్నరకి ఇర్యా ఫోన్‌కి భర్త వెయ్క్కో మెసేజ్ వచ్చింది: "టోక్యోలో దిగాను. అంతా క్షేమం."

పొయ్యి మీది బంగాళాదుంపలు దించి, పక్కింటి మార్కెట్టాకి ఫోన్ చేసింది. ఇద్దరి భర్తలూ కేరవా ఊరి గాన బృందంలో పాడతారు. పొద్దున పదింటికి హెల్సింకీలో ఒకే విమానం ఎక్కాల్సినవాళ్ళు.

"మీ ఆయన కూడా దిగాడా?"

"అప్పుడే దిగడమేంటే? రష్యా మీంచి పోనివ్వట్లేదుగా, ధ్రువం చుట్టి పోవాలి. పదమూడు గంటలు. వారం నుంచీ ఇంట్లో మా ఆయనది అదే గోల."

నాలుగేళ్ళ కిందట ఇదే బృందం వెళ్ళినప్పుడు తొమ్మిదిన్నర గంటలే పట్టింది. వెయ్క్కో ఆ పాత లెక్కతోనే మెసేజ్ పెట్టాడన్నమాట. విమానంలో ఉన్నవాడు అలా ఎందుకు పెడతాడు?

"బృందంలో పియానో వాయించే హిల్కా కూడా వెళ్ళిందా?" మామూలుగా అడిగినట్టే అడిగింది.

"లేదు. నడుం నొప్పని ఆగిపోయింది."

ఇర్యాకి ఒళ్ళు మండింది. నెల రోజులుగా మనిషి పరధ్యానంగా ఉంటున్నాడు, కొత్త చొక్కాలు రెండు కొన్నాడు. వెంటనే అతనికి ఫోన్ చేసింది.

"టోక్యో ఎలా ఉంది?"

"బాగుంది. వేడిగా ఉంది."

అతని వెనక ఎవరో మైకులో స్పష్టమైన ఫిన్నిష్‌లో, ఉత్తర ఫిన్లాండ్‌లోని రొవానియెమి వెళ్ళే ప్రయాణికులను గేటు దగ్గరకు రమ్మంటున్నారు. ఇర్యా ఫోన్ పెట్టేసి, కోటు తగిలించుకుని రైలెక్కింది.

హెల్సింకీ విమానాశ్రయంలో కాఫీ కొట్టు మూల వెయ్క్కో ఒక్కడే కూర్చున్నాడు. బల్ల మీద రెండు కప్పులున్నాయి.

"ఆ రెండో కప్పు ఎవరిది?"

అతను తలెత్తి చూసి తెల్లబోయాడు. "రెండూ నావే. పొద్దుట్నుంచీ ఇక్కడిక్కడే తిరుగుతున్నా. గేటు దాకా వెళ్ళాక కాళ్ళు కదల్లేదు, ఇర్యా. పోయినసారి విమానం కుదుపులకి సీటు పట్టుకుని కూర్చున్నవాణ్ణి దిగేదాకా వదల్లేదు. కడుపునొప్పని చెప్పి వెనక్కొచ్చేశా. ఇంట్లో చెప్పొద్దని మావాళ్ళని బతిమాలుకున్నా."

"వారం రోజులూ ఇక్కడే కూర్చుంటావా?"

"పక్కనే హోటల్లో గది తీసుకున్నా. పెట్టె అక్కడే ఉంది."

"ఒక్కడివేనా?"

"ఇంకెవరుంటారు?"

ఇర్యా అతని ఎదుటే హిల్కాకి ఫోన్ చేసింది. "నడుం నొప్పట, ఎలా ఉంది?" అటునుంచి హిల్కా మూలుగు వినిపించింది, మాత్ర ఎక్కడ పెట్టావని ఆమె భర్త విసుక్కోవడమూ వినిపించింది. అప్పటికిగానీ ఇర్యా కుర్చీ లాక్కుని కూర్చోలేదు.

"ఇప్పుడు పదమూడు గంటల ప్రయాణం, తెలుసా? ధ్రువం మీంచి."

వెయ్క్కో చేతిలోని కప్పు కింద పెట్టాడు. "అయితే మంచిపనే చేశా."

ఆమె నవ్వలేదు. "ముందా హోటలుకి పద. ఆ గది నేనొకసారి చూడాలి."

గదిలో ఒకటే తువ్వాలు తడిగా ఉంది. మంచం అంచున, రేపు పాడేటప్పుడు వేసుకోవాల్సిన కొత్త చొక్కా మడత నలగకుండా ఉంది. ఇర్యా దాన్ని పెట్టెలో సర్దింది. "ఇంటికెళ్దాం. మార్కెట్టాకి ఏం చెప్పాలో మాత్రం నువ్వే చెప్పుకో."