నక్షత్రం గుర్తున్న గడి

ఓటర్ల నమోదు జరిగిన ఆ బడి హాల్లోనే ఉన్నాం, కానీ కిటికీల అవతల మా ఉప్పల్ మెట్రో స్టేషన్ కనిపిస్తోంది, నేల మీద చీలమండల దాకా సముద్రపు నీళ్ళు నిలిచి ఉన్నాయి, దాని గురించి ఎవరూ కంగారు పడటం లేదు. ఎదురుగా మిరేలా. చనిపోయి ఏడాదయింది. బతికుండగా నేను నేర్పిన తెలుగు మాట "తిన్నవా" ఒక్కటే, ఇప్పుడు మాత్రం అచ్చం మా కరీంనగర్ యాసలో దంచుతోంది.

"గిప్పుడా వచ్చుడు? లైను చూడు, ఏడిదాక ఉందో."

లైను సముద్రంలోకి సాగి ఉంది. ఏ దేశమూ గుర్తించని మిరేలా వాళ్ళ దేశానికి జెండా ఉంది, పార్లమెంటు ఉంది, అందులో రోజూ కొట్లాటలు కూడా ఉన్నాయి, లేనిదల్లా ఓటర్ల జాబితా. అది తయారు చేసే యాప్ ఇచ్చి మా కంపెనీ నన్ను ఆరు వారాలు అక్కడికి పంపింది. మిరేలా నాకు దుబాసీ. "జాతి" అనే గడి నా చేతి పనే: కొండవాళ్ళు, రేవువాళ్ళు, పక్కన ఎర్ర నక్షత్రం. నింపకపోతే యాప్ ముందుకు పోదు.

"అమ్మది కొండ, నాయినది రేవు," అంటూ మిరేలా తడి కుర్చీలో కూర్చుంటుంది. "ఖాళీగ ఇడువుమన్న గద."

"మార్చాలంటే అరగంట పట్టేది. నీ ఎనక మూడొందల మంది ఉండిరి. నేనే రేవు అని నొక్కిన."

"నొక్కి, అయిపాయె, చాయ్ తాగుదాం పా అన్నవ్."

"అన్న."

ఎన్నికల్లో ఓడిన కొండ పార్టీ మనుషులు ఆ జాబితా పట్టుకుని, రేవు అని ఉన్న ప్రతి ఇంటి తలుపూ కొట్టారు, మిరేలా వాళ్ళదీ.

"మీ అమ్మది కొండ అని చెప్పలేదా?"

"చెప్పిన. కాయితంల లేదన్నరు."

ల్యాప్‌టాప్ తెరుస్తాను, మీటలు నానిన బిస్కెట్లలా వేళ్ళకింద కుంగిపోతున్నాయి, నక్షత్రాన్ని గోటితో గీకుతుంటే అది కదలదు, నీళ్ళు మెడ దాకా వచ్చేశాయి. "ఇప్పుడే తీసేస్త. రెండు నిమిషాలు."

"అరగంట అన్నవ్ గదనే!" నవ్వుతుంది. నవ్వి, నా చెయ్యి పట్టుకుంటుంది. "నా సంగతి ఇడువు. ఎనకున్నోళ్ళను చూడు."

తల తిప్పేసరికి పొద్దెక్కి ఉంది, నేను మా ఇంట్లో మంచం మీద ఉన్నాను. గుమ్మంలో కులాల సర్వేకి వచ్చినతను అమ్మను అడుగుతున్నాడు.

"మీదొకటి, సారుదొకటి. సరే. మరి పాపది ఏం రాయాలె మేడం? ఒక్కటే పడుతది."

అమ్మ అతని వైపు కుర్చీ జరిపింది.

"పండుకుంది. లేచినంక దాన్నే అడుగు. కూసో బిడ్డా, తొందరేముంది."