అమ్మను చూడవచ్చినవాళ్లు

శేరిలింగంపల్లి వాడలన్నీ తిరిగి తిరిగి లింగమూర్తి కాళ్లు పీక్కుపోతున్నాయి. ఇంటింటికీ పోయి టీకాలు వేయడం అతని ఉద్యోగం. బాలానగర్ కార్ఖానాలో పనిచేసే రామచంద్రానికి మశూచి వచ్చిన నాడే ఆ ఇంటికి కాపలా పెట్టించాడు. అయినా రైలుకట్ట పక్కన ఒకరికి, మరో వాడలో ఇంకొకరికి పోసింది. వాళ్లకూ రామచంద్రానికీ చుట్టరికం లేదు, పొత్తు లేదు. ఎక్కడ అంటుకుందో తేలక, పై అధికారితో చీవాట్లు తినడమే మిగిలింది.

ఆ మధ్యాహ్నం రామచంద్రం ఇంటి అరుగు మీద, కాపలా ఎల్లేశం పక్కన కూలబడ్డాడు.

"నిజం చెప్పు ఎల్లేశం. లోపలికి ఎవరన్న పోయిండ్రా?"

"పోచమ్మ తోడు సార్! రోగిని చూడనీకి ఒక్క మనిషిని రానియ్యలే. తోడబుట్టినోడొస్తే గూడ ఎల్లగొట్టిన."

గడప పక్కన కొబ్బరి చిప్పలు, పెరుగన్నం మెతుకులు కనిపించాయి.

"మరి గివేంది?"

"గవి అమ్మకు మొక్కనీకి వచ్చినోళ్లవి. ఇంట్ల అమ్మ ఉన్నదంటే మొక్కిపోరా? అమ్మను చూడొద్దంటానికి నేనెంతటోణ్ని?"

"మంచం దాకా పోయిండ్రా?"

"కాళ్లు మొక్కాలె గద సార్."

కోపం రావలసిన చోట లింగమూర్తికి నీరసమే వచ్చింది. మనుషులకు తలుపు మూసి, దేవత పేరుతో బార్లా తెరిచిపెట్టారు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగి కూడా తనకు ఆ సంగతి తోచలేదు.

"ఎవరెవరు వచ్చిండ్రు?"

ఎల్లేశం గుర్తున్నవాళ్లను చెప్పుకుంటూ వచ్చి, "పోయిన బేస్తారం గాక ముందటి బేస్తారం మీ ఇంటామె గూడ వచ్చింది సార్. కాన్పు సుఖంగ కావాలని మొక్కింది. మీరే తోలిండ్రనుకున్న" అన్నాడు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. గర్భిణులూ సూది వేయించుకోవాలని గడప గడపకూ చెప్పినవాడు, భార్య కనకలక్ష్మికి మాత్రం జ్వరమొస్తుందేమోనని జాలిపడి, కాన్పయ్యాక చూద్దాంలే అని ఊరుకున్నాడు. రెండు మూడు రోజులుగా ఆమె ఒళ్లు వెచ్చగా ఉందన్నా, నడుం లాగుతోందన్నా, నెలలు నిండుతున్నాయి కదా అనుకున్నాడు.

పరుగున ఇంటికి చేరేసరికి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. కనకలక్ష్మి ముఖమంతా ఎర్రటి పొక్కులు.

"అమ్మ వచ్చింది. ఫికర్ చెయ్యకుండ్రి" అని ఆమే అతనికి ధైర్యం చెప్పింది.

కడుపుతో ఉన్న మనిషికి మశూచి వస్తే ఏమవుతుందో అతను చాలా ఇళ్లలో చూశాడు.

అంతలో పొరుగింటి సీతాబాయి పెరుగన్నం గిన్నెతో వచ్చింది. లింగమూర్తి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏంది బిడ్డా, అమ్మను మొక్కనీకి గూడ అడ్డమా?"

"అమ్మకైనా అడ్డమే. పో అవ్వా, నీకు దండం పెడత."

ఆమె గొణుక్కుంటూ వెళ్లిపోయింది. లింగమూర్తి గడప మీద కూలబడ్డాడు. లోపల కనకలక్ష్మి సన్నగా మూలిగింది. వీధిలో ఎవరూ లేరని చూసుకుని, మంచం వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"సల్లగ జూడు తల్లీ."