మోటారు గూటికి తాళం

ఇరవై రెండేళ్లలో లక్ష్మీతిరుపతమ్మ పదకొండు ఇళ్లలో అద్దెకుంది. ఓనర్లు పెట్టే షరతులన్నీ ఆమెకు కంఠతా వచ్చు. గోడకు మేకు కొట్టకూడదు, చుట్టాలు రెండ్రోజులు దాటి ఉండకూడదు, డాబా మీద మిరపకాయలు ఆరబోయకూడదు. ఇన్నాళ్లకు నరసరావుపేట బరంపేటలో, సెంటున్నర స్థలంలో ఆమెకంటూ ఓ ఇల్లు లేచింది. భర్త శివాజీ తాపీమేస్త్రి. ఊళ్లోవాళ్ల ఇళ్లకు ఆయన గోడలు కడితే ఆమె ఇసుక తట్టలు మోసింది. సొంతింటికి మాత్రం ఇద్దరూ కూలి లేకుండా పనిచేశారు.

కింద తాముంటూ, పైన ఒక పోర్షన్ అద్దెకని వేశారు. ఆ అద్దె వస్తేనే బ్యాంకు వాయిదా కట్టగలిగేది. టులెట్ బోర్డేమో మూడు నెలలు గాలికి ఊగింది. ఆషాఢమని ఒకళ్లు, వీధిపోటని ఇంకొకళ్లు చూసి వెళ్లిపోయారు. చివరికి చంకలో పాపతో నీలిమ వచ్చింది. ఆమె ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, భర్త జయపాల్ కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. ఇల్లు చూసి, "చానా బాగుంది పిన్నీ" అంది. తిరుపతమ్మకు కళ్లు చెమర్చాయి. ఆ పిల్ల ఇల్లు వదిలిపోకూడదు, అంతే, ఆమె మొక్కుకున్నదల్లా అదొక్కటే.

సరిగ్గా అప్పుడే పక్కవీధి నాగభూషణరావు మోపెడ్ దిగాడు. ఆయనకు అద్దెకిచ్చిన ఇళ్లు ఏడున్నాయి. సలహాలు ఎన్నున్నాయో లెక్కే లేదు.

"ఏందమ్మాయ్, మొహం నిండా నవ్వే? ఓనరు మొహం అట్టా ఉంటే ఎవడు భయపడతాడు? నా మాట విను. వాళ్లింట్లో కాఫీ చుక్క ముట్టొద్దు. ముట్టావా, ఒకటో తారీకున అద్దె అడగటానికి నోరు పెగలదు. మోటారు స్విచ్చి మాత్రం నీ చేతిలో ఉండాల. కాగితాలు నీ పేరున ఉంటే ఏంది, స్విచ్చి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఓనరు!"

"మనం పడ్డది చాల్లేదా?" అని శివాజీ సణిగాడు.

"నీకేం తెలుసయ్యా, ఆయనకు ఏడిళ్లు!" అంది తిరుపతమ్మ.

మెట్ల కింద స్విచ్చి ఉన్న గూటికి ఇనపతలుపు వచ్చింది. బజారులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద తాళం వచ్చింది. తాళంచెవి ఆమె బొడ్లోకి చేరింది. పొద్దున ఆరింటికి అరగంట, సాయంత్రం అరగంట మోటారు. తాళం తిప్పినప్పుడల్లా ఆమెకు ఒళ్లు పులకరించేది. నిజం చెప్పాలంటే గృహప్రవేశం నాడు కూడా అంత సంబరపడలేదు. నీలిమ టీ తెచ్చినా, పాయసం తెచ్చినా "షుగరమ్మా" అని తిప్పి పంపేది. లేని షుగరు. గిన్నె మెట్లెక్కి వెళ్లిపోతుంటే లొట్టలేసుకుంటూ చూసేది.

అలా నాలుగు నెలలు గడిచాయి. ఓ ఆదివారం నీలిమ కూతురి మొదటి పుట్టినరోజు వచ్చింది. నలభై మందికి భోజనాలు. అదే రోజు గురజాలలో తిరుపతమ్మ అన్న కూతురి ఓణీల ఫంక్షను. మొగుడూపెళ్లాలు తెల్లారకముందే మొదటి బస్సెక్కేశారు. పదకొండింటికి ఫంక్షను మధ్యలో ఫోను మోగింది.

"పిన్నీ, ట్యాంకులో చుక్క లేదు. తాళంచెవి ఎక్కడ పెట్టారు?"

తిరుపతమ్మ చెయ్యి బొడ్లోకి వెళ్లింది. తాళంచెవి అక్కడే ఉంది.

"వచ్చేస్తన్నా తల్లీ!" అని విస్తరి ముందునుంచి లేచింది. తాళం పగలగొట్టుకోమని ఒక్క మాట చెబితే సరిపోయేది. అది ఆమెకూ తట్టలేదు, శివాజీకీ తట్టలేదు. బతుకంతా అద్దెకున్నవాళ్లు కదా, ఓనరు తాళం పగలగొట్టొచ్చన్న ఊహే వాళ్లకెన్నడూ రాలేదు.

పిడుగురాళ్ల దాటేదాకా బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. తిరుపతమ్మకు రామిరెడ్డిపేట ఓనరమ్మ గుర్తొచ్చింది. ఆమె ఇలాగే తాళమేసుకుని బెజవాడ వెళ్తే, జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి వదిలి తను వీధి చివరి బోరింగు నుంచి పద్దెనిమిది బిందెలు మోసింది. మోసిన ప్రతి బిందెకూ ఓ తిట్టు తిట్టింది. ఆ తిట్లన్నీ ఇవాళ తనకే తగులుతున్నట్టుంది. "పోతారయ్యా, ఖాళీ చేసి పోతారు" అని కళ్లొత్తుకుంది. శివాజీ టిక్కెట్టు మడతలు పెడుతూ కూర్చున్నాడు. అది చూసి ఆమెకు ఇంకా మంట పుట్టింది.

ఒకటిన్నరకు వీధి మలుపు తిరిగేసరికి మోటారు మోత వినిపించింది. పరుగెత్తింది. తాళం మెట్ల కింద విరిగి పడుంది. పక్కనే పట్టుచీరలో నీలిమ, చేతిలో రోటి పొత్రం.

"నేనే కొట్టా పిన్నీ. మా ఆయన వద్దన్నా వినలా. వంట పక్కింటి నీళ్లతో ఎట్టాగో అయింది, జనం బంతికి కూర్చున్నారు, చేతులు కడగటానికి కూడా నీళ్లు లేవు. కొత్త తాళం కొనిస్తా. ఖాళీ చెయ్యమంటే మాత్రం... ఒక్క నెల టైమివ్వండి."

ఆ పిల్ల చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు తిరుపతమ్మకు బాగా తెలుసు. కానీ తనను చూసి ఇంకొకళ్లు వణకడం మాత్రం పుట్టాక ఇదే మొదటిసారి. ఆమెకు సిగ్గేసింది. ఒళ్లంతా సిగ్గేసింది.

"ఎన్ని దెబ్బలకు ఊడిందే?" అంది.

"మూడు" అంది నీలిమ బిక్కుబిక్కుమంటూ.

"మూడేనా!"

తిరుపతమ్మ మెట్టు మీద కూలబడి నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. "పదకొండిళ్లు తిరిగానే! ఒక్క తాళం మీద చెయ్యెత్తలేకపోయా. నువ్వు నాలుగు నెలలకే ఎత్తేశావు. ఏ ఖాళీ లేదు, ఏం లేదు. పద, ఆకలేస్తంది, సగం భోజనంలో లేచొచ్చా."

"షుగరన్నారుగా పిన్నీ?"

"ఇవాళే తగ్గింది."

పైన పందిట్లో మొదటి బంతిలోనే నాగభూషణరావు కూర్చునున్నాడు. వీళ్లు ఆయన అద్దెవాళ్లు కారు కదా, తినడానికి ఆయనకేం అభ్యంతరం! నోటి నిండా బిర్యానీతోనే గదమాయించాడు. "చూశావా? తాళాలు పగలగొట్టే దాకా వచ్చింది. రేపే ఖాళీ చేయించు!"

"బాబాయ్, నీ ఏడిళ్లలో నిన్నెవరన్నా ఎప్పుడన్నా భోజనానికి పిలిచారా?"

ఆయన చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "లేదమ్మాయ్" అన్నాడు మెల్లగా.

ఆమె ఆయన పక్కనే చతికిలబడింది. "ముక్కలు బాగా వెయ్ నీలిమా. ఈయనక్కూడా."

అంతలో ట్యాంకు నిండి నీళ్లు పందిరి మీదికి దుమికాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. నీలిమ గరిటె పట్టుకుని తిరుపతమ్మ మొహంలోకి చూసింది.

"నన్ను చూస్తావేందే?" అంది తిరుపతమ్మ ముద్ద కలుపుతూ. "నేను తింటన్నా. నువ్వే పోయి మోటారు కట్టేసిరా."