సాల్మన్ రాజు గీసిన పటం

ఆ పొద్దు ఆకాశం మహేంద్రగిరి వైపు నుంచి మూసుకొచ్చింది. మాకు మబ్బు ఎప్పుడూ సముద్రం మీంచి వస్తుంది. కొండ వైపు నుంచి వచ్చిందంటే రెండు మూడు రోజులు కదలదు. వాన పడలేదు, గాలీ లేదు. కొబ్బరాకులు తడిబట్టల్లా వేలాడుతున్నాయి. నేనూ నా భార్య ఎలీసబెతూ అరుగు మీద కూర్చుని హెలెన్ కోసం చూస్తున్నాం.

అది గురువారం. శనివారంతో గడువు అయిపోతుంది. తీరానికి వేసే కొత్త రోడ్డు మా సంఘం సమాధుల తోట మీంచి పోతోంది. గుర్తు తెలిసిన సమాధుల్ని అయినవాళ్ళు కొత్త స్థలానికి తీసుకుపోవచ్చు, గుర్తు లేనివి చదును చేస్తామని చెప్పి రోడ్డువాళ్ళు కాగితం అంటించి వెళ్ళారు. సిమెంటు కట్టినవాళ్ళకి బాధ లేదు. మావి మట్టి దిబ్బలు.

మా గుంటడు అక్కడున్నాడు. జీవన్ కుమార్. నాలుగో ఏడు నిండకుండానే జ్వరం తగిలి మూడు రోజుల్లో పోయాడు. ఇప్పటికి పదమూడేళ్ళు. దిబ్బ మీద కర్ర సిలువ నేనే చేసి పాతాను. ఆరేళ్ళ తరవాత తిత్లీ తుపాను వచ్చింది. ఒక్క రాత్రిలో తోటలో కొబ్బరి చెట్లన్నీ పడిపోయాయి. వాటిని ఎత్తడానికి వచ్చిన జేసీబీ దిబ్బల మీంచి నాలుగు రోజులు తిరిగింది. అది వెళ్ళిపోయాక చూస్తే అంతా ఒకటే ఇసక.

ఆ ఏడు సమాధుల పండక్కి కొవ్వొత్తులు పట్టుకుని వెళ్ళాం. నేను ఒకచోట వంగాను. ఎలీసబెతు నన్ను దాటిపోయి సముద్రం వైపు మూడు బారల అవతల కూర్చుంది. అది కాదు, ఇక్కడ అన్నాను. ఆవిడ తల ఊపింది గానీ లేవలేదు. అప్పట్నుంచి ప్రతి ఏడూ ఒక్క బిడ్డకి రెండుచోట్ల కొవ్వొత్తి వెలుగుతోంది. ఆ సంగతి మేము ఇంట్లో ఎత్తం. ఎత్తితే ఇద్దరిలో ఒకరు ఇన్నేళ్ళూ ఎవరి బిడ్డ దగ్గరో ఏడ్చినట్టు తేలుతుంది.

ఇప్పుడు తేలక తప్పదు. పేరుకి ఒక్క గొయ్యే తవ్వనిస్తారట.

సాల్మన్ రాజు ఉంటే ఈ బాధ ఉండేది కాదు. మా సంఘానికి సెక్రటరీ, నాకు వరసకి బావ. పలాసలో డీటీపీ షాపు నడిపేవాడు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, జ్ఞాపకార్థ కూడికల పుస్తకాలు అన్నీ అతనే కొట్టేవాడు. తుపానుకి ముందే తోటంతా తిరిగి, ఎవరు ఎక్కడున్నారో కంప్యూటర్లో పటం గీశాడు. దాన్ని అచ్చువేసి గుడి గోడకి కట్టాడు. గుడి పైకప్పు రేకులతోపాటు తుపానులో ఆ పటమూ పోయింది. మళ్ళీ ఒకటి తియ్యి బావా అంటే, ఫైలుంది కదా, ఎక్కడికి పోద్ది అనేవాడు. రెండేళ్ళ క్రితం కిడ్నీలు పాడై పోయాడు. షాపు ఖాళీ చేసినప్పుడు అతని కంప్యూటర్ పాత ఇనుము వాడి బండెక్కింది. మిగిలింది ఒక పెన్‌డ్రైవు. అది అతని బైబిలు సంచి జిప్పులో ఉంటే కూతురు హెలెన్ దాచింది.

హెలెన్ విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తుంది. కబురు పెడితే బుధవారమే వచ్చి ఆ పెన్‌డ్రైవు పట్టుకుని పలాసలో మూడు షాపులు తిరిగింది. అందరూ ఇప్పుడు ఫ్లెక్సీలే వేస్తున్నారు. వాళ్ళ నాన్న వాడిన పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్ ఎవరి దగ్గరా లేదు. కానీ ఆ పేజ్‌మేకర్ పెట్టుకునే ఫైళ్ళు, తెలుగు అక్షరాల ఫైళ్ళు ఆ పెన్‌డ్రైవులోనే ఉన్నాయట. నా ల్యాప్‌టాప్‌లోనే ఎక్కించి చూస్తాను మావయ్యా అంది.

గురువారం తొమ్మిదింటికి వచ్చింది. భుజానికున్న సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి నా చేతికిచ్చింది. అన్నం కంచం కన్నా బరువు లేదు. ఇది మ్యాక్ అనీ, నాన్న పేజ్‌మేకర్ విండోస్ మీద తప్ప నడవదనీ చెప్పింది. మరెలాగమ్మా అన్నాను. ఈ ఇంట్లో ఇంకో ఇల్లు కట్టాలి, ఆ లోపలి ఇంట్లో విండోస్‌ని కాపురం పెట్టాలి, అప్పుడు నాన్న ఫైలు ఆ ఇంటికి చుట్టంలా వస్తుంది అంది. నాకు అర్థమైంది.

పక్క తోట కూర్మనాథం జీడితోటకి పోతూ ఆగాడు. అతను చేతిలోకి తీసుకుని, సంతలో జీడిపిక్కలు తూచినట్టు రెండుసార్లు ఎగరేశాడు.

"ఏటి తోమా, ఇంత తేలిగ్గుంది. మా జీడిపిక్క ఇలగుంటే లోన పప్పు లేనట్టే."

హెలెన్ నవ్వింది. "పప్పుంది మావయ్యా. ఆ పప్పు బయటికి తియ్యడం, అదే సిక్కు."

అదే చిక్కని మధ్యాహ్నానికి తెలిసింది. ముందు విండోస్ లేకుండానే నడిపించే ఒక ఉపాయం చేసింది. పేజ్‌మేకర్ తెరుచుకుంటుంది, ఫైలు మీద నొక్కగానే మూసుకుపోతుంది. అలా పదిసార్లు. సరే, ఇల్లే కడదాం అంది. దానికి లోపల చోటు చాలలేదు. తన ఫొటోలు, వీడియోలు బయటికి తీసి వేరే డబ్బాలో పెట్టింది. మా ఊళ్ళో సిగ్నలు నూతి గట్టు దగ్గరే వస్తుంది. ఫోను అక్కడ కుర్చీలో పెట్టి, పైన గొడుగు కట్టి, విండోస్‌ని దింపడానికి మూడు గంటలు పట్టింది.

దిగాక పేజ్‌మేకర్ని ఎక్కించబోతే, దాని సెటప్పు మరీ పాతదట, ఈ విండోస్ ఒప్పుకోలేదు. హెలెన్ తల పట్టుకుంది. తరవాత వాళ్ళ నాన్న దాచిన ఫోల్డరు మొత్తం ఎత్తి ఉన్నదున్నట్టు లోపల పెట్టింది. ఈసారి తెరుచుకుని నిలబడింది. కానీ నత్త నడక. ఒక్కటి నొక్కితే నేను గుక్కెడు నీళ్ళు తాగి వచ్చేదాకా కదిలేది కాదు. అడుగున పెనంలా కాలుతోంది. దీనికి లోపల ఫ్యాను ఉండదని చెప్పింది. స్టీలు కంచం బోర్లించి దాని మీద పెట్టాం.

ఎలీసబెతు పొద్దుట్నుంచీ గడప దగ్గరే ఉంది. లోపలికి వెళ్ళి తాటాకు విసనకర్ర తెచ్చింది. హెలెన్ పక్కన కూర్చుని ఆ యంత్రానికి విసరడం మొదలుపెట్టింది. గట్టిగా కాదు, జ్వరం వచ్చిన పిల్లడికి విసిరినట్టు. వద్దత్తా, నీ చెయ్యి నొప్పెడుతుంది అన్నా ఆపలేదు. నేను పెరట్లోకి వెళ్ళి కట్టెలు పేర్చాను. పేర్చినవే మళ్ళీ పేర్చాను.

సాయంత్రం నాలుగున్నరకి పిలుపు వచ్చింది. తెర మీద పటం ఉంది గానీ అక్షరాలన్నీ చిందరవందర గుర్తులు. ఫాంట్లు పెట్టలేదని నాలిక కరుచుకుని, మళ్ళీ మూసి, అవి పెట్టి, మళ్ళీ తెరిచింది. అప్పుడు మా వాళ్ళ పేర్లు తెలుగులో ఒక్కొక్కటే వచ్చాయి. గుడి గోడ మీద చూసిన అక్షరాలే. హెలెన్ వాటి మీద వేలు పెట్టింది. నాన్న ఇంత పని చేశాడా అంది.

ముప్ఫై ఎనిమిదో పేరు మాది. హెలెన్ పైకి చదివింది.

"జీవన్ కుమార్, తండ్రి తోమా. తూర్పు వరస మూడో కొబ్బరి నుంచి సముద్రం వైపు పదకొండు అంగలు."

విసనకర్ర ఆగింది.

హెలెన్ పటంలో కిందికి వెళ్ళింది, పైకి వచ్చింది. అన్నీ అలాగే ఉన్నాయి. రెండో కొబ్బరి నుంచి ఆరు అంగలు. ఏడో కొబ్బరి మొదట్లో, తలవైపు. పటంలో సున్నాలు చుట్టినవన్నీ చెట్లు. పక్కన కొలత లేదు, మీటరు లేదు.

నాన్న టేపు ఎందుకు పట్టలేదు మావయ్యా అని అడిగింది. మాలో ఎవరూ పట్టరు. మా నాన్న మాకు భూమి పంచింది కొబ్బరి చెట్లని బట్టే. నుయ్యి తవ్వినా, గట్టు వేసినా, చచ్చిన ఆవుని పాతినా ఫలానా చెట్టు నుంచి ఇన్ని అంగలనే చెప్పుకుంటాం. మనిషి పోతాడు, గట్టు కరుగుతుంది, కొబ్బరి ఉంటుందనుకున్నాం. సాల్మన్ రాజు కూడా ఈ కొబ్బరి తోటల ఉద్దానం వాడే.

ఆ మూడో కొబ్బరి ఇప్పుడు లేదు. మొదలు కూడా కుళ్ళి ఇసకలో కలిసిపోయింది.

శుక్రవారం పొద్దున్న హెలెన్ పేర్లన్నీ నోటుబుక్కులో రాసుకొచ్చింది. ముగ్గురం తోటకి వెళ్ళాం. నాకు ఒక ఆలోచన వచ్చింది. సంఘానికి ఇవ్వక ముందు ఆ స్థలం కూర్మనాథం తాతది. ఒకే తాడు లాగి ఒకే వరసలో మొక్కలు పాతారు. కంచెకి ఇవతల చెట్లు పోయాయి గానీ అవతల కూర్మనాథం తోటలో ఆ వరసవి రెండు నిలిచాయి. వాటి మధ్య దూరం తాడుతో కొలిచాను. అదే కొలత ఇవతలికి వేసుకుంటూ వచ్చి, ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి, మూడోచోట కర్ర పాతాను. కూర్మనాథం కంచె మీద చేతులు ఆనించి చూశాడు. అక్కడే ఉండాలిరా, సందేహం లేదు అన్నాడు.

కర్ర దగ్గర నిలబడి సముద్రం వైపు తిరిగాను. పదకొండు అంగలు వేశాను. ఆగి చూసుకుంటే నేను ఏటేటా కొవ్వొత్తి పెట్టే చోటే. జానెడు అటూ ఇటూ.

ఎలీసబెతు తన చోట నిలబడి ఉంది. నా వైపు చాలాసేపు చూసింది.

"నీ కాళ్ళు నీకు తెల్సిన కాడికే ఎల్తాయి. అవి నీ బావ కాళ్ళు కావు."

అంతే అంది. పైట భుజం మీదికి లాక్కుని ఇంటికి నడిచింది.

నేనూ హెలెనూ అక్కడే ఉండిపోయాం. హెలెన్ నోటుబుక్కు మూసింది. వాళ్ళ నాన్న మనిషి పొడుగు. నేను అతని చంక దాకా వస్తాను. ఇద్దరం కలిసి టెక్కలి రోడ్డు మీద నడిస్తే నేను పరిగెత్తినట్టు ఉండేది. అతను అంగ వేస్తే నాది ఒకటిన్నర. ఆ లెక్కన పదకొండు అంటే ఎక్కడికి పోతుందో హెలెన్‌కి తెలుసు, నాకూ తెలుసు. కానీ పటం గీసిన రోజు అతను చెప్పులేసుకున్నాడా, తడి ఇసకలో నడిచాడా, పక్కనున్నవాడితో మాట్లాడుతూ చిన్న అడుగులు వేశాడా, అది ఏ ఫైల్లోనూ లేదు. ఆ పొడుగు లెక్క ఎలీసబెతు చోటుకి కూడా సరిగ్గా పోదు. దగ్గరికి పోతుంది. నా చోటు నాకు ఇప్పటికీ నిజంగానే కనిపిస్తుంది. సిలువ పాతినప్పుడు రాయి తగిలి గునపం వంగింది, ఆ చోటు అదే.

ఆ రాత్రి అన్నాలు తిని ఎవరి చాప వాళ్ళు పరుచుకున్నాం.

శనివారం పొద్దున్నే రోడ్డు పని చూసే తిరుమలరావు వచ్చాడు. అవతల గట్టు మీద రోలరు నిలబెట్టారు. అతను చెడ్డవాడు కాదు. హెలెన్ రాసిన జాబితా తీసుకుని, మంచి పని చేశావమ్మా, ఇది లేకపోతే సగం మంది పోదురు అన్నాడు. నిజంగానే ఆ లెక్కతో పదహారు మంది తమవాళ్ళ చోట్లు ఒప్పుకున్నారు. ఏడో కొబ్బరి ఎక్కడో నేనే చూపించాను. మా పేరు దగ్గరికి వచ్చేసరికి పది దాటింది. ఆకాశం అలాగే ఉంది.

"తోమా, మీది ఎక్కడ?"

నేను కర్ర దగ్గరికి వెళ్ళాను. సముద్రం వైపు తిరిగాను. మొదటి అంగ వేసేటప్పుడే మోకాలు సాగదీసి వేశాను. రెండోదీ అంతే. ఇసకలో కాలు దిగబడుతుంటే లాక్కుని ముందుకి వేశాను. ఏడోదానికి నా చోటు దాటిపోయాను. దాటేటప్పుడు కిందికి చూడలేదు. పదకొండోది మరీ పెద్దది అయింది, పడబోయి నిలదొక్కుకున్నాను. ఎలీసబెతు నిలబడ్డచోటుకి మూరెడు ఇవతల.

ఇక్కడే అన్నాను. తిరుమలరావు రాసుకున్నాడు.

ఎలీసబెతు నా మొహం చూడలేదు. నా కాళ్ళని చూసింది. ఆవిడకి తెలుసు. పాతికేళ్ళుగా నా నడక చూస్తోంది.

ఇద్దరు కూలీలు తవ్వారు. పైన తెల్ల ఇసక, కింద తడి ఇసక, ఇంకా కింద నల్లటిది. నడుము లోతు పోయినా ఏమీ రాలేదు. చిన్నపిల్లలవి ఇన్నేళ్ళు ఆగవమ్మా అన్నాడు ఒకతను. ఎలీసబెతు గోతిలోకి దిగింది. నల్ల ఇసక దోసిలితో తీసి, హెలెన్ పట్టుకున్న చెక్కపెట్టెలో పోసింది. మూడు దోసిళ్ళు. తరవాత చెయ్యి చాచింది. నేను లాగాను. పైకి వచ్చాక కూడా నా చెయ్యి కాసేపు వదల్లేదు, మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుంది.

కొత్త స్థలంలో పాస్టరుగారు ప్రార్థన చేసి మట్టి వేయించారు. మేము అక్కడ ఉండగానే వెనక రోలరు మొదలైన చప్పుడు వినిపించింది. అది నా చోటు మీంచి ఎప్పుడు పోయిందో నేను చూడలేదు.

మధ్యాహ్నం గుడి వెనక అందరికీ అన్నాలు పెట్టారు. చాపల మీద కూర్చున్నాం. అన్నం, పప్పు, ఎండుచేప పులుసు. హెలెన్ మా ఇద్దరి మధ్య కూర్చుంది. ఎలీసబెతు వడ్డించే మనిషి దగ్గర గరిట తీసుకుని నా విస్తట్లో పులుసు పోసింది. హెలెన్‌కి పోసింది. తనూ పోసుకుంది. ముగ్గురం తలలు వంచుకుని తిన్నాం.