కేరవానుకి మూడేళ్ళ గ్యారంటీ

లోవరాజు సంచి నేనే సర్దుతున్నాను. రెండు నెలల సెలవు మీద ఊరెళుతున్నాడు. రెండు చొక్కాలు చాలంటాడు.

"వచ్చేసేవాణ్ణే కదా పిన్నీ, మోత దేనికి?"

సంచి జిప్పు చప్పుడంటేనే నాకు పడదు. ఇంకో లుంగీ కుక్కాను.

బహ్రెయిన్ హమద్ టౌన్‌లో ఈ ఇంటికి వాడు డ్రైవరు, నేను వంటమనిషిని. తెలుగు మాటంటే మా ఇద్దరిదే. వాడు తిరిగి రావాలంటే వీసా కాగితం మీద కఫీల్, అంటే మా యజమాని, సంతకం పెట్టాలి. రేపు పెడతానంటాడాయన. ఆ రేపు వారం నుంచీ నడుస్తోంది.

ఆయన కొడుకులిద్దరూ కార్లు నడుపుతున్నారు కాబట్టి డ్రైవరు అక్కర్లేదు. వాణ్ణి ఉంచింది కేరవాను కోసం. అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే ఇల్లు. ఇంత మేడ ఉన్నవాళ్ళు చలికాలంలో నాలుగు రాత్రులు ఎడారిలో ఇరుగ్గా పడుకోవడానికి కొనుక్కున్నారు. మిగతా ఏడాదంతా గోడ పక్కన నిలబెట్టి నా చేత కడిగిస్తారు. దానికి ఏ జబ్బు చేసినా వైద్యం లోవరాజుదే.

ఆ సాయంత్రమే కేరవాను అమ్మిన దుకాణం నుంచి టై కట్టుకున్న మనిషి దిగాడు. ఏడాది గ్యారంటీ అయిపోతోందట, డబ్బు కడితే ఇంకో మూడేళ్ళు పొడిగిస్తాడట. నేను టీ పట్టుకెళ్ళి అక్కడే నిలబడ్డాను. పదేళ్ళుగా వాళ్ళింట్లో ఉన్నా నాకు అరబ్బీ రాదని వాళ్ళ నమ్మకం.

"టైర్లు?" అన్నాడు కఫీల్.

"అవి గ్యారంటీలోకి రావు."

"ఇసక దూరి పాడైతే?"

"ఇసకా రాదు. ఎండకి పాడైనా రాదు."

బహ్రెయిన్‌లో ఇసకా ఎండా కాక దానికి ఇంకేం తగులుతుందో! మంచు కురిస్తే మాత్రం పూర్తి భరోసా కాబోలు.

"ఒకటే షరతు. మరమ్మతంతా సల్మాబాద్‌లో మా షెడ్డులోనే. మీ డ్రైవరు ఒక్క బోల్టు తిప్పినా గ్యారంటీ ఖలాస్."

కఫీల్ ఆలోచనలో పడ్డాడు. ఆయన భార్య, మా మేడం, పడలేదు.

"లోవరాజు జబ్బు పడొచ్చు, ఊళ్ళో ఉండిపోవచ్చు. గ్యారంటీ కాగితం ఎక్కడికి పోతుంది?" అంది.

"లోవరాజు ఇసక కూడా చూస్తాడు మేడం," అనేశాను. "టైర్లూ చూస్తాడు."

నాకు అరబ్బీ వచ్చినందుకు అందరూ నవ్వారు. టై మనిషి పంచదార తక్కువైందన్నాడు.

కఫీల్ సంతకం పెట్టాడు. వీసా కాగితం మీద కాదు.

గదికొచ్చి లోవరాజుకి చెప్పాను.

"మంచిదేలే పిన్నీ. ఇసక దూరితే మనల్నే పిలుస్తారు."

"పిలుస్తారంటావా?"

"పిలవకేం? కఫీల్ మంచోడు."

అంటూనే మంచం కింద నుంచి పానాల పెట్టె లాగి సంచిలో పెట్టాడు. జిప్పు పట్టలేదు. ఇద్దరం చెరో వైపు నొక్కాం.

విమానాశ్రయానికి కఫీల్ చిన్నబ్బాయి దింపాడు. "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ హారన్ కొడుతుంటే లోవరాజు పరిగెత్తుకెళ్ళి కారెక్కాడు.

లోవరాజు వెళ్ళింది 1996 మార్చిలో. మళ్ళీ రాలేదు.